ఉస్మానియా పాత భవనం: కూల్చడమా, అంగళ్లకివ్వడమా, వైద్యానికే ఉంచడమా?

గోషామహల్‌లో సుమారు 26 ఎకరాల్లో, 2,000 పడకలతో కట్టదలచిన కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రోగులను ఎక్కడ పడుకోబెట్టాలన్న చిక్కు దీనితో కొంత తీరుతుంది గాని, అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న పాత భవనాన్ని ఏం చేయాలన్నది మాత్రం తేలవలసే ఉంది. కూల్చి ఆ స్థలాన్ని వాడుకోవడం, బాగుచేసి వ్యాపారానికో పర్యాటకానికో ఇవ్వడం, బాగుచేసి వైద్యానికే ఉంచడం అని మూడు మార్గాలున్నాయి. మొదటి రెండింటినీ మన పొరుగు నగరాలు ఇప్పటికే నడిచి చూశాయి.

ముందుగా ఈ చోటు చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే ఏది మేలో తేల్చేది చాలావరకు అదే. ఇక్కడి ఆసుపత్రి నేటి భవనం కంటే పాతది. అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి, 1846లో మొదలైన హైదరాబాద్ వైద్య పాఠశాలకు విడదీయరాని అనుబంధం ఉండేది. హైదరాబాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయమైన రెసిడెన్సీకి సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరవ నిజాం ఇచ్చిన ధనంతో, 1888లోను 1889లోను నాడు శస్త్రచికిత్సలో మత్తుకు వాడిన క్లోరోఫామ్ ప్రాణాలెలా తీస్తుందో పరీక్షించే రెండు క్లోరోఫామ్ కమిషన్లు హైదరాబాద్‌లోనే పనిచేశాయి. రెండవదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫామ్ వల్ల మరణం సంభవిస్తే ముందు ఆగేది ఊపిరేనని, మత్తిచ్చేవారు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని వారు తేల్చారు. గుండె లయ తప్పి కూడా ప్రాణం పోవచ్చునని బ్రిటిష్ వైద్యుడు లెవీ ప్రయోగాలు 1911 నాటికి చూపడంతో ఆ తీర్పు నిలవలేదు. అయినా వైద్య ప్రపంచమంతా ఒక సంస్థాన రాజధాని వైపు చూసిన సందర్భమది. తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ తయారైనదీ ఈ వాతావరణంలోనే.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద ఆ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు; ఆ చెట్టు కింద నేటికీ ఏటా వరద మృతులను స్మరించుకుంటారు. వరద తర్వాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నగరాన్ని తిరిగి తీర్చిదిద్దించినప్పుడు, కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన విన్సెంట్ ఎష్ ఈ ఆసుపత్రికి రూపకల్పన చేశాడు. బ్రిటిష్ వాస్తుశిల్పి, నిజాం ఖజానా, స్థానికుల పనితనం కలిసి 1925 నాటికి నిలబెట్టిన భవనాన్ని వలస పాలకుల కట్టడమని ఒక్క మాటలో తేల్చేయడం నాకు సబబుగా తోచదు.

ఇక కూల్చివేత వైపు చూద్దాం. 1664లో సెయింట్ జార్జ్ కోటలో చిన్న వైద్యశాలగా మొదలైన మద్రాసు జనరల్ ఆసుపత్రి, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో పాత కట్టడాలను తొలగించి బహుళ అంతస్తుల భవనాలు కట్టుకుంది. రోగికి లాభమే జరిగింది, ఆ మాట కాదనలేము. ఉస్మానియాలోనూ 2015లో నాటి ముఖ్యమంత్రి కూల్చివేత ప్రతిపాదించినప్పుడు, వైద్యులలో చాలామంది చెప్పిన కారణం రోగుల భద్రతే. 2020 జూలైలో వర్షపు నీరు వార్డుల్లోకి చేరడం, రోగులను తరలించి పాత భవనాన్ని మూసివేయడం ఆ భయాన్ని నిజం చేశాయి. కాని పడకలు గోషామహల్‌కు వెళ్లబోతున్నప్పుడు ఈ వాదానికి ఆధారమే సడలిపోతుంది.

రెండవ మార్గానికి కొలంబో మంచి ఉదాహరణ. అక్కడి కోట ప్రాంతంలో 1681 నాటికే ఉన్న డచ్చి ఆసుపత్రి, తర్వాత పోలీసు స్టేషనుగా మారి, 1996 సెంట్రల్ బ్యాంకు పేలుడులో దెబ్బతిని, 2011 చివర అంగళ్లు, భోజనశాలల సముదాయంగా తెరుచుకుంది. క్రికెటర్లు మహేల జయవర్ధనె, కుమార సంగక్కర భాగస్వాములైన పీతల భోజనశాల అక్కడిదే. కట్టడం దక్కింది, రాబడీ వస్తోంది. అయితే అది వైద్యశాల కాకుండా పోయి చాలాకాలమైంది గనుక అక్కడ రోగి కోల్పోయినదేమీ లేదు. అఫ్జల్‌గంజ్ సంగతి వేరు. పాతబస్తీ నుంచి, జిల్లా బస్సుల నుంచి దిగి వచ్చే పేదలకు తరతరాలుగా తెలిసిన దవాఖానా ఇది. ఇక్కడ హోటళ్లు పెడితే వారికి దారి మూసినట్టే.

కాబట్టి నా మొగ్గు మూడవ మార్గం వైపే, అదీ కొన్ని షరతులతో. ఎత్తైన కప్పులు, విశాలమైన వసారాలు ఓపీకి, మందుల పంపిణీకి, బోధనకు చక్కగా సరిపోతాయి. ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూలు కోరే ఆక్సిజన్ గొట్టాలు, ఏసీ యంత్రాలు, పెద్ద లిఫ్టులు ఇక్కడ ఇరికిస్తే గోడలను తొలిచినట్టవుతుంది. అవి కొత్త భవనంలోనే ఉండాలి. క్లోరోఫామ్ కమిషన్ల కథ చెప్పే వైద్య ప్రదర్శనశాలకు ఒక విభాగం కేటాయించవచ్చు. పాత కట్టడాలు కట్టిన పనికి ఇంకా పనికివస్తాయా అన్న సందేహానికి నదికి అవతలి గట్టునున్న హైకోర్టే జవాబు: అదీ ఎష్ రూపొందించినదే, 2009లో అగ్నిప్రమాదానికి లోనైనా మరమ్మతు పొంది న్యాయస్థానంగానే కొనసాగింది. దానికీ రాజేంద్రనగర్‌లో కొత్త భవనం తలపెట్టారు గనుక ఇదే తర్జనభర్జన రేపు అక్కడా తప్పదు.

మరమ్మతులో తొలి పని కప్పు కారడాన్ని, మురుగు ఎదురెక్కడాన్ని ఆపడం. గుమ్మటాల్లో మొలిచిన మొక్కలను వేళ్లతో సహా తీయాలి. డంగుసున్నపు గోడలకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ పాడవుతుంది గనుక, మళ్లీ సున్నంతోనే పూయాలి. గోషామహల్ భవనం పూర్తయ్యేదాకా వేచి ఉండి ఈ పనులు మొదలుపెడితే, ఈలోగా పడే ప్రతి వానా కూల్చివేత పక్షానికే బలం చేకూరుస్తుంది.