రెండేళ్లుగా ఇంటి కంప్యూటర్లో ఎండీఆడమ్ వాడుతున్నా, నా అనుభవం

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు తుఫానుకి మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయి, ట్రంకుపెట్టెలో ఉన్న ఆల్బమ్‌లన్నీ నానిపోతే తాతయ్యవి తొమ్మిది ఫొటోలు మిగిలాయి. వాటిని స్కాన్ చేసి, పొలం దస్తావేజులు, అక్క పెళ్లి క్యాసెట్టు, పిల్లల వీడియోలు అన్నీ కలిపి కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇదంతా ఒక్క డిస్కు మీద ఉందంటే మనసు ఊరుకోలేదు. డెబియన్ లైనక్స్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో 4 టీబీ డిస్కులు రెండు పెట్టి, డిస్కుల్ని జతకలిపే ఎండీఆడమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో రెయిడ్ 1 చేసుకున్నాను, అంటే ఒకే డేటా రెండింటి మీదా ఉంటుంది.

ముందే చెప్పేస్తున్నా, ఇంటికి ఇది చాలా మంచి సాఫ్ట్‌వేర్. పైసా ఖర్చు లేదు, రెయిడ్ కోసం వేరే కార్డు కొనక్కర్లేదు. మదర్‌బోర్డు బయోస్‌లో కూడా రెయిడ్ అని ఒకటి ఉంటుంది కదా అంటారు, దాన్ని నమ్ముకుంటే ఆ బోర్డు కాలిపోయిన రోజు అలాంటి బోర్డు కోసం వెతుక్కోవాలి. ఎండీఆడమ్‌లో ఏ డిస్కు ఏ జతలోదన్న వివరం డిస్కుల మీదే రాసి ఉంటుంది. మా డిస్కులు రెండూ ఊడదీసి తమ్ముడి కంప్యూటర్‌కి తగిలించి 'అసెంబుల్, స్కాన్' అని కమాండ్ కొట్టాను, ఫొటోలన్నీ అక్కడ తెరుచుకున్నాయి. నాకు దీని మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

తయారు చెయ్యడం పది నిమిషాల పని. రెండు డిస్కులనూ ఒకేలా చేసే మొదటి సింక్‌కి మాత్రం ఎనిమిది గంటల దాకా పట్టింది, అది నడుస్తుండగానే డిస్కు వాడుకోవచ్చు. డిస్కు మొత్తం ఇచ్చెయ్యకుండా పార్టిషన్ చేసి చివర్లో కొంచెం చోటు వదలండి, రేపు కొనే కొత్త డిస్కు అదే 4 టీబీ అని రాసి ఉన్నా నాలుగు సెక్టార్లు తక్కువైతే జతలోకి రాదు. ఎండీఆడమ్ కాన్ఫిగ్ ఫైల్లో జత వివరం రాసి, కంప్యూటర్ లేచేటప్పుడే అది తెలిసేలా 'అప్‌డేట్ ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్' కమాండ్ కొట్టడం మర్చిపోవద్దు, నేను మర్చిపోతే రీబూట్ అయ్యాక ఎండీ0 అన్న జత పేరు కాస్తా ఎండీ127 అని లేచింది. డేటా ఎక్కడికీ పోలేదు గానీ ఆ పది నిమిషాలు టెన్షన్ పడ్డాను. ఏ డిస్కు ఎక్కడ తెరుచుకోవాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో కూడా ఇలా మారిపోయే పేరు కాకుండా యూయూఐడీ (మారని గుర్తింపు నంబరు) రాసి, జత దొరక్కపోయినా కంప్యూటర్ లేచేలా పక్కన 'నోఫెయిల్' పెట్టండి.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. డిస్కు పోతే ఇది మెయిల్ పంపుతుంది, కానీ ఇంటి కంప్యూటర్లో మెయిల్ బయటికి వెళ్లే ఏర్పాటు మామూలుగా ఉండదు. కిందటి వానాకాలం ఒక డిస్కు చచ్చిపోయింది, పదకొండు రోజులు నాకు తెలియలేదు. అన్నీ మామూలుగానే తెరుచుకుంటున్నాయి మరి. ఏదో పని మీద జత పరిస్థితి చూపించే ఎండీస్టాట్ ఫైలు చూస్తే, బాగున్న డిస్కుకి ఒకటి చొప్పున రెండు యూ (U) అక్షరాలు ఉండాల్సిన చోట ఒక యూ, పక్కన ఖాళీ గీత. ఆ గీత చూడగానే చేతులు చల్లబడ్డాయి. అమ్మ వెనకే నిలబడి "ఏరా, తాతయ్య ఫొటోలున్నాయా పోయాయా" అని అడుగుతోంది. ఉన్నాయి. రెండో డిస్కు ఆ పదకొండు రోజులూ ఒంటరిగా మోసింది.

అప్పుడు అసలు భయం ఏంటంటే, పెట్టెలో ఒకేలాంటివి రెండున్నాయి, పోయిందేదో తెలియక బతికున్నది పీకితే? డిస్కు వివరాలు చూపించే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో సీరియల్ నంబరు చూసి, టార్చి వేసి, డిస్కు లేబుల్ మీద చివరి నాలుగంకెలు సరిపోల్చుకుని తీశాను. ఇప్పుడు రెండింటి అంచుల మీదా మార్కర్‌తో పెద్దగా రాసి ఉంచాను, మీరు బిగించే రోజే రాసేసుకోండి. కొత్తది పెట్టి 'యాడ్' అన్నాక ఎనిమిది గంటలకి మళ్లీ రెండు యూలు. తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చిన్న స్క్రిప్టు తగిలించాను. ఎండీఆడమ్‌కి 'మానిటర్, స్కాన్, టెస్ట్, వన్‌షాట్' అని ఒక్కసారి కొట్టి చూడండి, మీకు కబురు అందితేనే పని పూర్తయినట్టు.

మా వైపు కాస్త గాలేస్తే చాలు, కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోతుంది. మా డిస్కులకి ఎండీఆడమ్ ఎక్కడెక్కడ రాస్తోందో గుర్తుపెట్టుకునే పట్టీ (బిట్‌మ్యాప్) ఒకటి తనే పెట్టుకుంది, అందుకే ఉన్నట్టుండి కంప్యూటర్ ఆగిపోయినా 4 టీబీ మొత్తం మళ్లీ సరిచూడదు, ఆ క్షణాన రాస్తున్న చోట్లు మాత్రం చూసుకుంటుంది. మాకు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అయినా యూపీఎస్ పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా బుడ్డోడు ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఆ క్షణమే పోయింది. ఇది డిస్కు చావు నుంచి కాపాడుతుంది గానీ చేతి పొరపాటు నుంచి కాపాడదు, ఇంట్లోకి నీళ్లొస్తే అసలే కాపాడదు. అందుకని మూడో డిస్కు రాజమండ్రిలో అక్క వాళ్లింట్లో ఉంటుంది, పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి కాపీ చేసి వస్తాను. బుడ్డోడు చెరిపేసిన ఫోల్డర్ అక్కడి నుంచే తెచ్చుకున్నాం.