ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరా, శానిటరీ ఇన్‌స్పెక్టరా?

1901 నాటి బ్రిటిష్ ఫ్యాక్టరీ, వర్క్‌షాప్ చట్టం కింద ఒక కుట్టుగదిని ఎవరు తనిఖీ చేయాలన్నది ఇంజన్ మీద ఆధారపడేది. ఆవిరితోనో మరో యాంత్రిక శక్తితోనో మిషన్లు నడిస్తే అది ఫ్యాక్టరీ. అక్కడ శుభ్రత, గాలి, ఇరుకు చూసేది హోం శాఖ ఇన్‌స్పెక్టర్. కాలితో తొక్కే మిషన్లే ఉంటే వర్క్‌షాప్. అప్పుడు అవే పనులు స్థానిక కౌన్సిల్ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌వి. పనిగంటలు మాత్రం రెండుచోట్లా హోం శాఖవే.

ఇరుకు లెక్క ఇద్దరికీ ఒకటే: మనిషికి 250 ఘనపుటడుగులు, ఓవర్‌టైమ్‌లో 400. 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 9 ఎత్తున్న గది 1,620 ఘనపుటడుగులు. పగలు ఆరుగురు, ఓవర్‌టైమ్‌లో నలుగురే. ఎంతమంది ఉండొచ్చో గదిలో నోటీసు అంటించాలి. ఏటవాలు కప్పున్న అటకగదిలో నడిమి ఎత్తునే పట్టుకుని కొలిస్తే మాత్రం లేని చోటు కాగితం మీద పుట్టుకొస్తుంది.

సున్నం దగ్గర తేడా ఉంది. ఫ్యాక్టరీ గోడలకు మామూలుగా 14 నెలలకోసారి తప్పనిసరి. వర్క్‌షాప్‌కు అలాంటి గడువు లేదు, అవసరమని తేలితే కౌన్సిల్ నోటీసిచ్చి వేయిస్తుంది. గడువున్న నియమాన్ని తనిఖీ చేయడం తేలిక, తేదీ అడిగితే చాలు.

అయినా చిన్న గదులకు శానిటరీ ఇన్‌స్పెక్టరే నయం. వర్క్‌షాపుల రిజిస్టరు కౌన్సిల్ దగ్గరే ఉండేది. ఇంటి దగ్గర కుట్టేవాళ్ల జాబితాలు కూడా యజమానులు ఏటా ఫిబ్రవరి 1కి, ఆగస్టు 1కి అక్కడికే పంపాలి. చిక్కల్లా, ఆయన్ని నియమించేదీ ఆ ఊరి కౌన్సిలే.