అజొల్లా తొట్టి: ఎనిమిది నెలలు వాడాక

మా రెండు గేదెల కోసం నిరుడు అక్టోబరులో, నీటిపై తేలుతూ పెరిగే మేత మొక్క అజొల్లాను పెంచే తొట్టి ఒకటి తెప్పించుకున్నాము. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గల మందపాటి షీటు తొట్టి అది. ధర 2,200 రూపాయలు, నిలబెట్టే పైపులు మనమే కొనుక్కోవాలి. తొట్టి పనికి వచ్చింది, కాని అది గాలిని కూడా శుభ్రపరుస్తుందని దానితో ఇచ్చిన కరపత్రంలో ఉన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను.

జల్లించిన మట్టి పరిచి, పేడ నీళ్లలో కాస్త సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) కలిపి పోసి, జానెడు లోపు నీరు నిలిపి, కిలో అజొల్లా చల్లితే పన్నెండు రోజుల్లో నీరు కనబడకుండా అల్లుకుంది. రెమ్మను అరచేతిలో పెట్టుకుని చూస్తే గోరంత ఉంటుంది. పైన పొలుసుల్లాంటి ఆకులు, కింద వెంట్రుకల్లాంటి వేళ్లు. ఆ ఆకుల లోపలి గూళ్లలో నీలి ఆకుపచ్చ నాచు ఒకటి కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమి గాలిని ప్రాణవాయువుతో మార్చివేసిన సూక్ష్మజీవుల వంశానిదే ఇది. ఆ నాచు ఇప్పుడు ఈ మొక్కను విడిచి బతకజాలదు. అందుకే అజొల్లాకు యూరియా అక్కరలేదు. భాస్వరం మాత్రం గాలిలో దొరకదు కనుక, డిసెంబరులో ఫాస్ఫేట్ వేయడం మరిచినప్పుడు రెమ్మలు ఎర్రబారి ఎదుగుదల మందగించింది.

ఇదే జాతి మొక్క దాదాపు 4.9 కోట్ల సంవత్సరాల కిందట ఆర్కిటిక్ మహాసముద్రం మీద పరుచుకుంది. అప్పుడు ఆ ప్రాంతం వెచ్చగా, చుట్టూ నేలతో చాలావరకు మూసుకుపోయి ఉండేది. నదుల మంచినీరు ఉప్పునీటి పైన పొరగా నిలిచేది. 2004లో సముద్రగర్భాన్ని తొలిచి తీసిన మట్టి పొరల్లో అజొల్లా శిలాజాలు బయటపడ్డాయి. అది సుమారు 8 లక్షల సంవత్సరాలు పెరుగుతూ, చచ్చినది ప్రాణవాయువు లేని అడుగుకు చేరి కుళ్లకుండా నిలిచిపోయినందువల్ల గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గి, భూమి చల్లబడడానికి అది ఒక కారణమై ఉండవచ్చని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

కరపత్రం మాత్రం ఈ తొట్టి కూడా గాలిని శుభ్రపరుస్తుందని చెబుతోంది. మా అజొల్లాను గేదెలు తింటాయి. అవి వదిలే ఊపిరిలోనూ, కుళ్లే పేడలోనూ, మొక్క గాలి నుంచి తీసుకున్న కర్బనం మళ్లీ గాలిలోకే పోతుంది. ఒకసారి వారం పాటు తీయకపోతే చాపలా అల్లుకున్న అజొల్లా మందమెక్కి, అడుగు పొర కుళ్లి వాసన వచ్చింది. ఆర్కిటిక్‌లో కర్బనాన్ని పట్టి ఉంచిన లోతు ఈ అడుగు ఎత్తు తొట్టికి ఎక్కడిది? దీనిని మేతగా అమ్మితే చాలు, మేతగా ఇది నిజంగా మంచిది. పేడ వాసన పోయేదాకా కడిగి దాణాలో కలిపితేనే గేదెలు ముట్టుకుంటాయి.

ఏప్రిల్ ఎండలకు షేడ్ నెట్ తప్పనిసరి. మాకు మొదట వచ్చిన తొట్టి అతుకు దగ్గర కారింది; అమ్మినవారు మార్చి ఇచ్చారు గాని మూడు వారాలు పట్టింది. కొనేవారు అడుగున తూము ఉన్న రకమే అడగండి, ఎందుకంటే పది రోజులకొకసారి నాలుగో వంతు నీరు మార్చాలి, మేము ఇప్పటికీ బకెట్లతోనే తోడుతున్నాము.