బండిని గట్టిగా తొక్కితే ఇంజిన్ బాగుపడుతుందా? రెండు కార్లతో నా అనుభవం

"అప్పుడప్పుడు హైవే ఎక్కించి గట్టిగా తొక్కండి సార్, లోపలున్న కార్బనంతా ఊడిపోతుంది." కారున్న ప్రతివాళ్లకీ ఏదో ఒక మెకానిక్ ఈ మాట చెప్పే ఉంటాడు. ఇది మన దగ్గర పుట్టిన చిట్కా కూడా కాదు, బయటి దేశాల్లో దీన్ని ఇటాలియన్ ట్యూనప్ అంటారు. మా ఇంట్లో రెండు బండ్లున్నాయి. ఒకటి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్, 1.5 లీటర్ టర్బో, ఆరు గేర్ల మాన్యువల్. రెండోది అంతకంటే పాతది, 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రెండూ ఎక్కువగా హైదరాబాద్‌లో ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక ట్రాఫిక్‌లోనే నలుగుతాయి. కొన్నేళ్లుగా రెండింటినీ అప్పుడప్పుడు హైవే ఎక్కిస్తున్నాను. డీజిల్‌కి ఒక్క విషయంలో బాగా పనిచేసింది, మరో విషయంలో అసలు పనిచేయలేదు. పెట్రోల్‌కి కాస్త ఉపయోగపడింది.

ముందు డీజిల్ సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లకు డీపీఎఫ్ తప్పనిసరి అయినట్టే. పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ అది. పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి, లేకపోతే ఫిల్టర్ నిండిపోతుంది. హైవే మీద పొగ వేడికే కొంత మసి దానంతటదే కాలిపోతుంది. సిటీలో సెకండ్ గేరు, థర్డ్ గేరు మధ్య ఊగిసలాడే బండికి ఆ వేడి ఎక్కడిది? అందుకని బండిలోని కంప్యూటరే కాస్త ఎక్కువ డీజిల్ పంపి ఫిల్టర్‌ను దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. పది, పదిహేను నిమిషాల పని. మధ్యలో మనం ఇల్లు చేరి ఇంజిన్ ఆపేస్తే సగంలో ఆగిపోతుంది.

అది నడుస్తోందని మా బండిలో ఇలా తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర మామూలుగా 800 మీద ఉండే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 1,000కి ఎక్కి అక్కడే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ని దానంతటదే ఆపే ఆటో స్టార్ట్-స్టాప్ పనిచేయదు. అప్పటికప్పుడు చూపించే మైలేజీ దారుణంగా పడిపోతుంది. బండి ఆపి తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ రయ్యిమని తిరుగుతూనే ఉంటుంది, కింద నుంచి కాలిన వాసన వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకి టెన్షన్ రావడం సహజం. బండికేమీ కాలేదు, దాని పని దాన్ని పూర్తి చేసుకోనివ్వలేదు, అంతే. అలాంటప్పుడు నేను ఇంటి సందులోకి తిప్పకుండా నేరుగా ఇంకో చుట్టు తిరిగొస్తాను.

ఇలా సగంలో ఆగిన రీజెనరేషన్లు పోగుపడితే డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ పసుపు లైటు వెలుగుతుంది. మాకు వానాకాలంలో, ట్రాఫిక్ మరీ పాకుతున్న రోజుల్లో వస్తుంటుంది. అప్పుడు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ వైపు పోతాను. అక్కడ 120 దాకా అనుమతి ఉన్నా నాకు అంత అవసరం పడలేదు. నాలుగో గేరులో 80 దగ్గర, ఆర్‌పీఎం 2,300 చుట్టుపక్కల, యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా పట్టుకుంటే శంషాబాద్ చేరేలోపే లైటు ఆరిపోతుంది. అదే ఆరో గేరులో మైలేజీ చూసుకుంటూ హాయిగా పోతే చాలాసేపు వెలుగుతూనే ఉంటుంది. గట్టిగా తొక్కి వదిలేసి, మళ్లీ తొక్కి వదిలేసే పద్ధతి కూడా చేసి చూశాను. లైటు ఆరలేదు సరికదా, అలా ఒక్కసారిగా తొక్కినప్పుడు డీజిల్ ఇంజిన్‌లో మసి ఇంకా ఎక్కువ పుడుతుంది. ఫిల్టర్‌కి కావలసింది కాసేపు నిలకడగా ఉండే వేడి. రేసు డ్రైవింగ్‌తో దానికి పని లేదు. కెమెరాల పుణ్యమా అని చలానా మాత్రం ఇంటికొస్తుంది.

ఇక పనిచేయని విషయం. ఇంత శ్రద్ధగా ఔటర్ మీద తిప్పిన ఈ బండికే ఆ మధ్య పికప్ తగ్గింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గొంతు నొక్కినట్టు అయ్యేది. మా మెకానిక్ ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) విప్పి చేతిలో పెట్టాడు. లోపల మసి, ఆయిల్ ఆవిరి కలిసి తారులా గడ్డకట్టి దారి సగం మూసేసింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది, వేలికి అంటింది సబ్బుతో కూడా పోలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. డీపీఎఫ్ ఉన్నది వేడి పొగ పోయే దారిలో. ఈ గడ్డ కట్టేది గాలి లోపలికి వచ్చే దారిలో, అక్కడ మసిని కాల్చేంత వేడి ఎప్పటికీ రాదు. గట్టిగా తొక్కినప్పుడు ఈజీఆర్ చాలావరకు మూసుకుంటుంది కాబట్టి కొత్త మసి చేరడం తగ్గొచ్చు. పాతది పోవాలంటే విప్పి కడగాల్సిందే. కడిగాక పికప్ వెనక్కి వచ్చింది.

అంతకుముందే ఒక సర్వీస్ సెంటర్‌లో బండి విప్పకుండానే, చూడకుండానే, "డీకార్బనైజేషన్ చేయించండి సార్, కొత్త బండిలా అయిపోతుంది" అని కొన్ని వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఏది మూసుకుపోయిందో చూపించమంటే సమాధానం లేదు. ఆ డబ్బుతో తర్వాత ఈజీఆర్ కడిగించి, ఆయిల్ కూడా మార్పించాను.

ఆయిల్ అన్నాను కాబట్టి ఇంకో మాట. రీజెనరేషన్ కోసం పంపే అదనపు డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంబడి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. సగంలో ఆగిన ప్రతిసారీ ఇంకాస్త. పెట్రోల్ బండ్లలో ఆయిల్ తగ్గిందా అని చూస్తాం, ఈ బండిలో పెరిగిందా అని చూడాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ మ్యాక్స్ గీత దాటి, డీజిల్ వాసన వేస్తే పలచబడిందని అర్థం. సిటీలోనే తిరిగే బండి కాబట్టి కంపెనీ చెప్పిన గడువు కంటే చాలా ముందే నేను ఆయిల్ మార్పిస్తాను. అది కూడా డీపీఎఫ్‌కి సరిపడే తక్కువ బూడిద ఆయిలే. మసి కాలుతుంది గానీ, ఆయిల్ కాలగా మిగిలే బూడిద ఏ స్పీడుకీ కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

పెట్రోల్ బండి మా ఆవిడది. స్కూలు, కూరగాయలు, గుడి, అన్నీ రెండు మూడు కిలోమీటర్ల లోపే. చలికాలంలో ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున తెల్లటి జిగురు పేరుకుని ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక లోపలి తేమ ఆయిల్‌తో కలిస్తే అలా అవుతుంది (కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం అది హెడ్ గ్యాస్కెట్ సమస్య కావచ్చు, ఆలస్యం చేయొద్దు). స్పార్క్ ప్లగ్గుల మొనలు కూడా పొడి మసితో నల్లగా ఉండేవి. సూర్యాపేటలో మా అత్తగారింటికి వెళ్లొచ్చాక చూస్తే మూత శుభ్రంగా ఉంటుంది, ప్లగ్గులు లేత గోధుమ రంగుకి వస్తాయి. ప్లగ్గు మొన సుమారు 450 డిగ్రీలు దాటితే దాని మీది మసి అదే కాలిపోతుంది. దీనికోసం నేను ప్రత్యేకంగా తొక్కిందేమీ లేదు, వెనక సీట్లో అత్తగారుండగా తొక్కే ధైర్యం కూడా లేదు. మామూలు హైవే ప్రయాణం చాలు.

మా బావమరిది కొత్తగా డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ కొన్నాడు. "బావా, నేను కూడా ఔటర్ మీద తిప్పనా?" అని అడుగుతుంటాడు. వాడి బండిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. మా పాత బండిలోలాగా ఇంటేక్ వాల్వుల (గాలిని లోపలికి వదిలే వాల్వుల) వెనక భాగాన్ని పెట్రోల్ కడగదు కాబట్టి, అక్కడ పేరుకునే కార్బన్‌కు ఎంత తొక్కినా ఫలితం తక్కువే. టొయోటా వాళ్లు కొన్ని ఇంజిన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టారు, దానివల్ల ఈ వాల్వులు శుభ్రంగా ఉంటాయి. మిగతావాళ్లు బాగా పేరుకున్నాక విప్పి శుభ్రం చేయించుకోవాల్సిందే.

ఎవరైనా ఈ వైద్యం చేయాలనుకుంటే ముందు ఆయిల్, కూలెంట్, టైర్లలో గాలి చూసుకోండి. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చిందని వెంటనే తొక్కొద్దు. కూలెంట్ వేడెక్కినంత తొందరగా ఆయిల్ వేడెక్కదు, పది నిమిషాలు మెత్తగా నడపండి. టాప్ గేరులో తక్కువ ఆర్‌పీఎం మీద ఫుల్‌గా తొక్కడం ఇంజిన్‌ని హింసించడమే, ఒక గేరు దించండి. టర్బో బండైతే హైవే దిగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. డీపీఎఫ్ లైటుతో పాటు ఇంజిన్ లైటు కూడా వెలిగి, బండి పవర్ తగ్గించేసుకుంటే ఇక హైవే ఎక్కొద్దు, బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లండి.

ఔటర్ మీద ఒక చుట్టుకి డీజిల్, టోలు కలిపి నాకయ్యేది కొన్ని వందలు. కొత్త డీపీఎఫ్ ధర ఒకసారి కనుక్కుంటే ఆ ఖర్చు భారం అనిపించదు. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగే మనిషి ఈ సేవంతా చేసేకంటే డీజిల్ కొనకపోవడమే మేలు. మా డీజిల్‌ని ఉంచుకున్నది నెలకోసారి ఎలాగూ ఊరెళతాం కాబట్టి. ఆ ప్రయాణాలు తగ్గిన రోజున దాన్ని అమ్మేస్తాను.