పచ్చ మెరూన్ చారల జెర్సీ: ఏళ్ల తరబడి తొడిగాక నా మాట

ముందే తీర్పు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. రంగుకు ఐదుకు ఐదు. బట్టకు మూడు. ఛాతీ మీది అక్షరాలకు సున్నా. అయితే ఆ సున్నా వల్లే ఈ జెర్సీ మీద నాకు మమకారం పెరిగింది.

వస్తువు ఏమిటంటే, మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీకి నకలు. నిలువు చారలు, ఒకటి పచ్చ, ఒకటి మెరూన్. పూర్తి పాలియెస్టర్. కోల్‌కతాలో మైదాన్ పక్క ఫుట్‌పాత్ మీద కొన్నాను. కంపెనీ పేరు, బిల్లు లాంటి మర్యాదలేవీ లేవు. అప్పటికి క్లబ్బు పేరు ‘ఏటీకే మోహన్ బగాన్’ కాబట్టి ఛాతీ మీద కూడా అదే పేరు. కొన్నది కోల్‌కతాలోనే అయినా తొడిగింది, తడిపింది, ఆరేసింది అంతా ఒడిశాలోని మా బరంపురంలో. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గాలిలో తడి ఉంటుంది, ఏ బట్టకైనా ఇది కఠిన పరీక్షే. పాలియెస్టర్ చెమట పీల్చదు, ఒంటి మీదే ఉంచుతుంది. సాయంత్రం గోపాల్‌పూర్ బీచ్ ఇసుకలో ఆడితే ఓ అరగంటకే వీపుకు అతుక్కుంటుంది. ఆట అయ్యాక మాత్రం ఇంటికి చేరేలోపే ఆరిపోతుంది. మర్నాటికి వాసన పోవాలంటే ఆ రాత్రే ఉతకాలి, బద్ధకిస్తే ఇక అంతే. బట్టకు మూడే ఇచ్చింది అందుకు.

రంగు విషయంలో నా మాట కంటే మా వీధి మాట ఎక్కువ. మాది పట్టుచీరలు నేసే ఇళ్లున్న వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. వరసకు పెదనాన్న అయ్యే ఆయన జీవితమంతా పట్టుకు రంగులు వేశారు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలియదు. జెర్సీ అంచును తడిపి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూశారు. గుడ్డకు ఏ రంగూ అంటలేదు. తిప్పి లోపలి వైపు చూసి, ‘ఇది తొట్టిలో ముంచిన రంగు కాదురా, పైనుంచి వేసింది’ అన్నారు. ఆయన అంచనా నిజమే. పాలియెస్టర్ జెర్సీలకు డిజైన్‌ను ముందు కాగితం మీద ముద్రించి, దాదాపు 200 డిగ్రీల వేడిలో బట్టకు అదుముతారు. రంగు ఆవిరై పోగులోకి దూరి, చల్లారాక అక్కడే ఉండిపోతుంది. ఉతికితే దిగదు, పెచ్చులుగా లేవదు. కాకపోతే బట్ట లోపలి వైపు తెల్లగా ఉంటుంది, బాగా సాగినచోట ఆ తెలుపు బయటపడుతుంది. కొంచెం పొట్ట ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మెరూన్ మీద మాత్రం పెదనాన్న పెదవి విరిచారు. ఎండలో మెరూనే. ట్యూబ్‌లైటు కింద వంకాయ రంగులోకి దిగుతుంది. ‘పట్టు మీద ఇలా వస్తే షావుకారు చీర తిప్పి పంపిస్తాడు’ అన్నారు. అయినా నేను ఐదుకు ఐదు ఎందుకు ఇచ్చానంటే, ఇన్నేళ్లలో ఆ వంకాయ కూడా ఇసుమంత వెలవలేదు.

ఇక అక్షరాలు. వాటిని వేడిపెట్టె కింద అతికించారు, రంగులా పోగులోకి దిగలేదు. తొలి వానాకాలం దాటకముందే అంచులు లేచాయి. ముందు ఊడింది ‘ఏటీకే’. ‘మోహన్ బగాన్’ మరికొన్నాళ్లు పట్టుకుని వేలాడింది. కోల్‌కతాలో అభిమానులు ఆ మూడక్షరాలను తీసేయాలని బ్యానర్లు పట్టుకుని తిరుగుతున్న కాలమది. వాళ్లు సాధించలేకపోయిన పనిని మా ఇంటి సబ్బు సాధించింది.

ఆ గొడవ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ అనే పోటీ ఫైనల్‌లో బ్రిటిష్ సైన్యపు జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించింది. ఒక్క సుధీర్ చటర్జీ తప్ప ఆ జట్టులో అందరూ వట్టి కాళ్లతోనే ఆడారు. 2020 జనవరిలో ఆర్పీ సంజీవ్ గోయెంకా గ్రూపు క్లబ్బు ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పటికే వాళ్ల చేతిలో ఏటీకే అనే జట్టు ఉంది, ఎరుపు తెలుపు చారలది. రెండూ కలిశాయి. ఆ జూలైలో బోర్డు కూర్చుని, పేరు ఏటీకే మోహన్ బగాన్ అని, జెర్సీ మాత్రం పచ్చ మెరూనే అని తేల్చింది. రంగు దక్కింది కదా అని కొందరు ఊరుకున్నారు. చాలామంది ఊరుకోలేదు. 2023 మార్చి 18న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గెలిచిన రాత్రి యజమాని సంజీవ్ గోయెంకా క్లబ్బు పేరు మారుస్తున్నట్టు ప్రకటించారు. జూన్ 1 నుంచి అది మోహన్ బగాన్ సూపర్ జెయింట్. ముందున్న తోక తీసి వెనక తగిలించారని మా బావ ఎగతాళి.

మా బావది మోహన్ బగాన్‌కు ప్రత్యర్థి అయిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పక్షం. కొత్త బస్టాండు దగ్గర టీ తాగుతూ ఈ వాదన ఎన్నిసార్లు చేసుకున్నామో లెక్కలేదు. ఆయన ఎప్పుడూ ఒకే దగ్గర మొదలుపెడతారు: ‘మన సికింద్రాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఏ రంగు తొడిగాడు?’ ఎరుపు బంగారు రంగు, ఈస్ట్ బెంగాల్‌ది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ ఆయన రెండో బాణానికి బలం ఎక్కువ. 1920లో క్లబ్బు పెట్టినప్పుడు రంగులు వెతుక్కుంటూ వెళ్లిన పెద్దలు చౌరంగీలోని వైట్‌అవే లెయిడ్లా దుకాణంలో వేలాడదీసిన ఎరుపు బంగారు చొక్కాలు చూసి ముచ్చటపడి కొన్నారని కథ చెబుతారు. ‘మా వారసత్వం దుకాణంలో కొన్నదేనయ్యా, మీది మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? డబ్బు పెట్టినవాడు మారిస్తే ఎందుకు ఏడుస్తావు?’ అంటారు.

ఇటలీలో జువెంటస్ క్లబ్బు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వాళ్లు మొదట గులాబీ రంగు చొక్కాలు వేసేవారు. అవి ఉతికి ఉతికి వెలిసిపోతుంటే 1903లో ఇంగ్లండ్ నుంచి కొత్తవి తెప్పించుకున్నారు. వచ్చినవి నాట్స్ కౌంటీ క్లబ్బు నలుపు తెలుపు చారలు. అవే ఈరోజుకీ జువెంటస్ రంగులు. రంగు దిగిపోవడం వల్ల పుట్టిన వారసత్వం అది. పెదనాన్నకు చెబితే చాలాసేపు నవ్వారు, ఆ గులాబీ వేసినవాడెవడో కనుక్కోమన్నారు.

బావ మాటను సగమే ఒప్పుకుంటాను. రంగు ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు పెద్ద లెక్క కాదు. వచ్చాక దాన్ని తొడిగి ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, దాన్ని చూసి ఎవరు గొంతు చించుకున్నారు, లెక్కంతా అక్కడుంది. 2005లో ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ క్లబ్బును ఒక పానీయాల కంపెనీ కొని, ఊదా తెలుపు తీసేసి తన ఎరుపు తెలుపు తొడిగించింది. అభిమానులు మొత్తుకుంటే గోల్‌కీపర్ మేజోళ్లు ఊదా రంగులో ఉంచుతామన్నారట. మేజోళ్లు! ఆ మాటతో మండిపోయినవాళ్లు విడిపోయి తమ రంగులతో తామే కొత్త క్లబ్బు పెట్టుకుని అట్టడుగు లీగు నుంచి ఆడారు. వేల్స్‌లో కార్డిఫ్ సిటీని 2012లో యజమాని నీలం నుంచి ఎరుపుకు మార్చారు. 2015 జనవరిలో మళ్లీ నీలానికి రాక తప్పలేదు. డబ్బు పెట్టినవాడిదే రంగు అయితే ఆయన వెనక్కి తగ్గాల్సిన పనేముంది? ఇది అడిగితే బావ టీ గ్లాసులోకి చూస్తారు.

మా మధ్య కూర్చునే ఒడియా మిత్రుడిది మూడో దారి. ఆయన ఒడిశా ఎఫ్‌సీ మనిషి. ఢిల్లీలో ఉన్న జట్టు 2019లో భువనేశ్వర్‌కు మారి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ‘మీవి తాతల ఆస్తి తగాదాలు భాయ్. మాకు తాతే లేడు, హాయిగా ఉంది’ అంటాడు. 2023లో వాళ్లు సూపర్ కప్ గెలిచిన రోజు ఆయన పంచిన మిఠాయి ఈ వాదనలన్నిటికంటే రుచిగా ఉందని ఒప్పుకుంటాను. ఆటకు కావాల్సింది రెండు జట్లూ రెఫరీ వేర్వేరుగా కనిపించడమేనని, మిగిలినదంతా మన పైత్యమని కూడా ఆయనే అన్నాడు. నిబంధనల పుస్తకం అడిగేది కూడా దాదాపు అంతే, గోల్‌కీపర్లు కూడా వేరుగా కనిపించాలంటుంది.

నాకు ఈ విషయంలో ఒక అభిప్రాయం ఏర్పడింది అక్షరాలు పూర్తిగా ఊడిపోయాకే. పేరు లేని చారల చొక్కా అది ఇప్పుడు. గోపాల్‌పూర్‌కు బెంగాలీ పర్యాటకులు చాలామంది వస్తారు. దూరం నుంచి ఆ చారలు చూసి ‘జయ్ మోహన్ బగాన్’ అని కేకేసినవాళ్లున్నారు. దగ్గరికి వచ్చి ఫొటో దిగినవాళ్లున్నారు. ముఖం చిట్లించుకుని వెళ్లిపోయిన ఈస్ట్ బెంగాల్ పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఆయన చూపును కూడా మెప్పుగానే తీసుకున్నాను. ఏ అక్షరమూ లేకుండా రెండు రంగులు ఇంత మాట్లాడతాయా అనిపించింది.

తర్వాత 2023 మే 20 వచ్చింది. లక్నో సూపర్ జెయింట్స్ క్రికెట్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌లో కోల్‌కతాతో ఆడుతూ పచ్చ మెరూన్ తొడిగింది. లక్నోకూ మోహన్ బగాన్‌కూ యజమాని ఒక్కరే. మోహన్ బగాన్‌కు గౌరవంగా అన్నారు. ఒక్క పరుగు తేడాతో లక్నో గెలిచింది కూడా. టీవీలో చూస్తున్నంతసేపు నాకూ కన్నులపండువగానే ఉంది. ఆ రాత్రి బావ ఫోను చేసి, ‘మీ తాతగారి కోటు పక్కింటివాళ్లు పెళ్లికి వేసుకెళ్లారు’ అని పెట్టేశారు.

ఆ మాట తేలిగ్గా తీసుకున్నాను. కానీ ఆ వేసవి నుంచి వీధిలో పిల్లలు నన్ను చూసి, ‘ఇది లక్నో జెర్సీయా అంకుల్?’ అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లకు ఫుట్‌బాల్ తెలియదు, ఐపీఎల్ తెలుసు. వాళ్ల తప్పేమీ లేదు. నూరేళ్లకు పైగా ఒక క్లబ్బును గుర్తుచేసిన చారలు ఒక్క సాయంత్రపు ఆటతో మా వీధిలో ఇంకొకరివైపోయాయి. క్లబ్బుకు తన పాత జెర్సీ తొడిగే హక్కు ఉందా అని అందరూ వాదిస్తారు. ఆ హక్కును ఎవరూ లాక్కోలేదు, మ్యాచ్ రోజున పచ్చ మెరూన్ మైదానంలోకి దిగుతూనే ఉంది. నాకు కావాల్సింది ఇంకొకటి: ఆ రంగు కనిపిస్తే ఆ క్లబ్బే గుర్తుకు రావడం. ఎనభై శాతం వాటాలో ఇది కూడా అమ్ముడుపోయిందంటే నేను ఒప్పుకోను. ఆ రంగును ఇంకొకరికి ఎరువివ్వాలనుకుంటే క్లబ్బు సభ్యులను అడిగి ఇవ్వాల్సిందని నా వాదన. అడిగితే సంతోషంగా ఒప్పుకునేవాళ్లేమో కూడా. బావ మాత్రం, అద్దె ఎంతో తేల్చుకోకుండా ఎరువివ్వడమే తప్పంటారు. ఆయనది వ్యాపారపు బుర్ర.

కొనదలచినవాళ్లకు నాలుగు మాటలు. ఒక సైజు పెద్దది తీసుకోండి, ఫుట్‌పాత్ నకళ్లలో భుజాలు ఇరుకు. లోపలి వైపు బయటికి తిప్పి చల్లటి నీళ్లలో ఉతకండి, నీడలో ఆరేయండి, అక్షరాల మీద ఇస్త్రీపెట్టె పెట్టకండి. పట్టుచీరలున్న బకెట్లో దీన్ని నానబెట్టకండి. రంగు దిగదు కానీ ఇంట్లో మాట పడతారు. మెరూన్‌ను దుకాణం దీపాల కింద చూసి మోసపోకుండా బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. నేను కొన్నచోట అక్షరాలు మన ఎదుటే అతికిస్తారు. వద్దని ముందే చెప్పండి, ధర కూడా కొంచెం తగ్గిస్తారు.