కొత్త డ్రగ్ వచ్చిందని ముందు ఎలా తెలుస్తుంది: సర్వేతోనా, మాటల్లోనా?

మన దేశంలో మత్తు వాడకంపై 2019లో వచ్చిన జాతీయ నివేదిక కోసం ఎయిమ్స్ బృందం 2 లక్షల ఇళ్లు తిరిగి, 4.73 లక్షల మందిని ప్రశ్నలు అడిగింది. ఎంతమంది తాగుతున్నారో, గంజాయి ఎంతమందికి అలవాటో చెప్పాలంటే అంత పని తప్పదు. కానీ నిన్నమొన్న దిగిన సరుకు మాటేమిటి? ఫారంలో దాని పేరే ఉండదు. పైగా పక్కగదిలో నాన్న ఉంటే కుర్రాడు నోరు విప్పుతాడా? సర్వే చేసినవాళ్లకూ ఇది తెలుసు. అందుకే వాడేవాళ్ల ద్వారా వాళ్ల తోటివాళ్లను వెతుక్కుంటూ మరో 72 వేల మందిని విడిగా కలిశారు.

మరో దారి మురుగునీటి పరీక్ష. మూత్రంతో కాలువలోకి చేరిన డ్రగ్ ఆనవాళ్లను బట్టి, ఊరు మొత్తం మీద ఏ డ్రగ్ ఎంత వాడారో అది చెబుతుంది. ఎవరు, ఎందుకు అన్నది చెప్పదు.

ఇక మిగిలింది కూర్చుని మాట్లాడటమే. అమెరికాలోని ఒహాయోలో 1999లో మొదలైన, మత్తు వాడకంపై కన్నేసి ఉంచే నిఘా వ్యవస్థ బృంద చర్చలూ విడి ఇంటర్వ్యూలూ రెండూ చేసి, ఆరు నెలలకోసారి నివేదిక ఇచ్చేది. ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్రలతో మొదలై హెరాయిన్‌లోకి వెళ్లిన కుర్రాళ్ల కథలు అక్కడి పరిశోధకులు 2000ల మొదట్లోనే విన్నారు. ఆ దేశంలో హెరాయిన్ మరణాలు ఒక్కసారిగా ఎగబాకింది 2010 తర్వాత.

ఏడెనిమిది మందిని ఒకచోట కూర్చోబెడితే ధరలు, వాడుక పేర్లు చకచకా బయటికొస్తాయి. ఒకడు తప్పు చెబితే పక్కవాడు "ఆ రేటు ఎప్పటిదిరా?" అని దిద్దుతాడు. చిక్కేమిటంటే, గొంతు పెద్దదైనవాడి మాటే చివరికి అందరి మాట అవుతుంది. సూది వాడుతున్నానని నలుగురి ముందు ఎవరూ ఒప్పుకోరు. మొదటిసారి ఎవరిచ్చారు, ఎందుకు మారావు లాంటివి ఒంటరిగా కూర్చున్నప్పుడే వస్తాయి. కాకపోతే గంట మాటల్ని కాగితం మీద పెట్టాలంటే నాలుగైదు గంటలు పడుతుంది, ఓపిక కావాలి.

డబ్బు ఒక్కదానికే ఉంటే నేను విడి ఇంటర్వ్యూలకే ఓటేస్తాను. విన్నది నిజమా కాదా చూసుకోవడానికి తర్వాత ఒక బృంద చర్చ పెడితే మరీ మంచిది. అయితే ఇప్పుడు వాడుతున్నవాళ్లు అందులో ఉండాలి. డీ-అడిక్షన్ సెంటర్లో సులువుగా దొరికేవాళ్లతో సరిపెట్టుకుంటే, వాళ్లు చెప్పేది తాము చేరే నాటికి ఉన్న బజారు గురించే.