మ్యూస్‌స్కోర్‌లో కీ సిగ్నేచర్లు: 2019 నుంచి వాడుతున్నాక నా మాట

గుంటూరు బ్రాడీపేటలో పిల్లలకు కీబోర్డ్ నేర్పుతాను, ఆదివారం చర్చిలో క్వయర్‌కి వాయిస్తాను. 2019 నుంచి నా స్కోర్లన్నీ (పాటల నొటేషన్ కాగితాలు) మ్యూస్‌స్కోర్‌లోనే, అంటే కంప్యూటర్‌లో నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్‌లో. అప్పట్లో మూడో వెర్షన్. 2022 డిసెంబర్‌లో నాలుగోది వచ్చాక దానికి మారాను. పైసా ఖర్చు లేదు. ఇందులో కీ సిగ్నేచర్, అంటే ఏ స్వరాలు అర మెట్టు పైకి (షార్ప్), ఏవి కిందికి (ఫ్లాట్) అని లైన్ మొదట్లోనే చెప్పే గుర్తులు, పెట్టడం రెండు సెకన్ల పని. పెట్టాక అది ఏం చేస్తుందో, ఏం చేయదో అర్థం కావడానికి మాత్రం నాకు రెండు క్రిస్మస్‌లు పట్టింది.

ప్యాలెట్‌లోంచి (పక్కనుండే గుర్తుల పెట్టె) కావాల్సినదాన్ని లాక్కొచ్చి బార్ (తాళం గడి) మీద వదిలితే, అక్కడి నుంచి స్టాఫ్‌లన్నిటికీ (ఒక్కో వాయిద్యానికి ఉండే ఐదు గీతల వరసలు) పడుతుంది. ఒక్క స్టాఫ్‌కే కావాలంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని వదలాలి. ఇంతే.

మొదటి క్రిస్మస్‌కి పాట ఎఫ్ మేజర్‌లో రాశాను. అన్ని స్టాఫ్‌లకూ ఒక ఫ్లాట్ పడింది, క్లారినెట్ స్టాఫ్‌కి మాత్రం ఒక షార్ప్! సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందనుకున్నాను. వెతికితే కాన్సర్ట్ పిచ్ అనే బటన్ దొరికింది, అన్ని వాయిద్యాలనూ చెవికి వినిపించే శృతిలోనే చూపించేది. నొక్కగానే అక్కడా ఒక ఫ్లాట్ వచ్చేసింది. హమ్మయ్య అనుకుని ప్రింట్ తీసి ఇచ్చాను. రిహార్సల్‌లో క్వయర్ ఎఫ్‌లో పాడుతుంటే క్లారినెట్ ఈ ఫ్లాట్ (E♭) మేజర్‌లో మోగుతోంది. మా క్లారినెట్ బాబాయి పెళ్లి బ్యాండుల్లో ముప్పై ఏళ్లు వాయించిన మనిషి, కాగితం తిప్పి నాకే చూపించాడు: “ఏంది అబ్బాయ్, నీ కాగితం ఒక ఊరు, నీ పాట ఒక ఊరు!” బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక టోన్ కిందికి పలుకుతుంది కాబట్టి ఆయనకి జి మేజర్‌లోనే రాసివ్వాలి. నేను తప్పనుకున్న ఆ షార్పే కరెక్టు. ఇప్పుడు ప్రింట్ తీసే ముందు ఆ బటన్ ఆఫ్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటాను.

రెండో ఏడాది తప్పు ఇంకా సిల్లీ. ఆఖరి చరణాన్ని ఎఫ్ నుంచి జి కి ఎత్తాలని ఆ బార్ మీద జి మేజర్ సిగ్నేచర్ వదిలాను. పాట దానంతట అదే పైకి లేస్తుందనుకున్నా. లేవలేదు. స్వరాలు పాత శృతిలోనే ఉండిపోయి, బి ముందు ఫ్లాట్లు, ఎఫ్ ముందు నేచురల్స్ (షార్ప్‌ని రద్దు చేసే గుర్తులు) మొలిచాయి. సిగ్నేచర్ మారినా స్వరం మారదు, ఎలా రాయాలన్నదే మారుతుంది. ఎత్తాలంటే ఆ బార్లన్నీ సెలెక్ట్ చేసి, టూల్స్‌లో ట్రాన్స్‌పోజ్‌కి వెళ్లి మేజర్ సెకండ్ పైకి జరపాలి. సిగ్నేచర్ ముందే పెట్టేశాం కాబట్టి దాన్ని కూడా మార్చమనే టిక్ తీసేయాలి. లైన్ మారేచోట కొత్త సిగ్నేచర్ వస్తే, పై లైన్ చివరే అది చిన్న హెచ్చరికలా కనిపిస్తుంది. బాబాయికి బాగా నచ్చింది అదే.

నేను ఎక్కువ వాడేది మాత్రం సొంతంగా సిగ్నేచర్ తయారు చేసుకునే సదుపాయం. సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో కదా. సి ని షడ్జమం అనుకుంటే రి, ధ రెండూ కోమలం, అంటే డి, ఏ లకు ఫ్లాట్లు. మేజర్, మైనర్ స్కేళ్లలో దేనికీ ఇలాంటి జత లేదు, ప్యాలెట్‌లో దొరకదు. ఖాళీ స్టాఫ్ మీద ఆ రెండు గుర్తులూ ఎక్కడ కావాలో అక్కడ పెట్టి ఒకసారి చేర్చుకుంటే మన ప్యాలెట్‌లోనే ఉండిపోతుంది. అది లేకపోతే ప్రతి రి ముందూ ధ ముందూ ఫ్లాట్ పెట్టుకుంటూ కూర్చోవాలి, పిల్లల కళ్లు తిరుగుతాయి. గ్రేడ్ పరీక్షలకు తయారవుతున్న పాప అయితే నిలదీసింది: “సార్, బి ఫ్లాట్ లేకుండా డి ఫ్లాట్ ఎలా వస్తుంది?” మామూలు సిగ్నేచర్లలో ఫ్లాట్లు బి తోనే మొదలవుతాయి మరి. ఆ రోజు క్లాసంతా దానికే సరిపోయింది.

కల్యాణికి ఆ ఇబ్బంది లేదు, ఒక షార్ప్ చాలు. తోడికి నాలుగు ఫ్లాట్లు, ప్యాలెట్‌లో ఏ ఫ్లాట్ (A♭) మేజర్ పేరుతో సిద్ధంగా ఉంది. కాకపోతే ప్లేబ్యాక్‌లో తోడి గాంధారం ఊగకుండా కర్రలా నిలబడుతుంది. అక్కడ స్పీకర్ ఆపేసి నేనే పాడతాను.